యూకేలో పాత ఇంటి సందులు మూసుకోవడం: అగరుబత్తి నుంచి గ్యాస్ మీటరు దాకా

మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి కార్తీకమాసంలో, తలుపులూ కిటికీలూ అన్నీ బిగించి హాల్లో తులసి కుండీ దగ్గర దీపం పెడితే ఒత్తి ఒక్క నిమిషం కూడా నిలకడగా వెలగలేదు. ఎవరూ అటూ ఇటూ నడవట్లేదు, అయినా మంట ఒకే వైపుకి వాలిపోతోంది. గాలి ఎటునుంచి వస్తోందా అని చూస్తే వీధి తలుపు. ఉత్తరాలు వేసే కంతకి మూత సరిగా పడట్లేదు, కింద తలుపు రెక్కకీ గడపకీ మధ్య చిటికెన వేలు దూరేంత సందు. రేడియేటర్ ముట్టుకోలేనంత వేడిగా ఉన్నా సోఫాలో కూర్చుంటే కాళ్ళు ఎందుకు గడ్డకట్టుకుపోతున్నాయో అప్పుడు అర్థమైంది.

మాది 1900 ప్రాంతంలో కట్టిన టెర్రస్ ఇల్లు, అంటే పక్క ఇళ్ళతో గోడలు కలిసి వరసగా ఉండే రకం. ముందు గదిలో వాడని పొగగొట్టం, కింద చెక్క నేల, పైన అటక. లెస్టర్‌లో, బర్మింగ్‌హామ్‌లో, లండన్ ఈస్ట్ హామ్‌లో మన వాళ్ళు అద్దెకో సొంతానికో ఉంటున్న ఇళ్ళలో ఇలాంటివి చాలానే ఉన్నాయి. మన ఊళ్ళలో ఇల్లంటే గాలి ఆడాలి. మండువా, ఎదురెదురు కిటికీలు, తలుపు మీద వెంటిలేటర్, అన్నీ అందుకే. అందుకని సందు కనిపిస్తే దాన్ని తప్పుగా చూసే అలవాటే మనకి ఉండదు. ఇక్కడ మాత్రం ఆ సందులోంచి బయటికి పోయేది మనం డబ్బు పెట్టి వేడి చేసుకున్న గాలి.

ఎంత పోతుందో ఒకసారి లెక్క వేసి చూడండి. ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి దాదాపు 0.33 వాట్ అవర్ కావాలి. 80 చదరపు మీటర్ల ఇల్లంటే లోపల సుమారు 200 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. సందుల వల్ల అందులో సగం, అంటే 100 ఘనపు మీటర్లు, గంటకోసారి అనవసరంగా మారిపోతోంది అనుకుందాం. లోపల 20 డిగ్రీలు, బయట 5 డిగ్రీలు ఉంటే ఆ గాలిని వేడి చేయడానికే నిరంతరం అర కిలోవాట్ పోతుంది, రోజుకి 12 యూనిట్లు (యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్). బాయిలర్‌లో (గ్యాస్ మండించి రేడియేటర్లకి నీళ్ళు కాచేది) వృథా అయ్యేది కూడా కలిపితే బిల్లులో 14 యూనిట్ల దాకా పడుతుంది. గ్యాస్ యూనిట్ 6 పెన్నీలు అనుకుంటే రోజుకి 84 పెన్నీలు, చలికాలంలో నెలకి 25 పౌండ్లు. హీటింగ్ రోజంతా వేయని వాళ్ళకి ఇంతకంటే తక్కువే. అయినా ఈ పనికి కావాల్సిన సామాను ఖర్చు తక్కువే, రెండు పొరల అద్దాలుండే డబుల్ గ్లేజింగ్‌కో కొత్త బాయిలర్‌కో పెట్టే ఖర్చుతో దీనికి పోలికే లేదు.

ముందు మూయకూడనివి

టేపు కొనకముందే ఇది చదవండి. చలిగాలి సందు వేరు, ఇంటికి ఊపిరాడటానికి కావాలని పెట్టిన దారి వేరు. రెండోదాన్ని మూస్తే బిల్లు తగ్గడం అటుంచి ప్రాణం మీదికి వస్తుంది.

గ్యాస్ ఫైర్ (గదిలో బిగించే గ్యాస్ హీటర్), కట్టెల పొయ్యి, పాత రకం బాయిలర్ ఉన్న గదిలో గోడకి జాలీలాగా ఒక వెంట్ ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, ముందు ఫర్నిచర్ కూడా అడ్డం పెట్టొద్దు. మంటకి గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. అలాంటి గదిలో అసలు ఏ పని చేయాలన్నా ముందు గ్యాస్ పనులకి అర్హులైన వాళ్ళ జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజినీర్‌ని అడగండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా పెట్టండి. ఇంగ్లండ్‌లో అద్దె ఇల్లయితే, వంట గ్యాస్ పొయ్యి తప్ప మంట మండే పరికరం బిగించి ఉన్న ప్రతి నివాసపు గదిలో ఈ అలారం పెట్టించడం 2022 అక్టోబర్ 1 నుంచి ఓనర్ బాధ్యత. అలారం మోగినా, ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చి బయటికి వెళ్తే తగ్గుతున్నా, పొయ్యీ బాయిలరూ ఆపేసి, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 0800 111 999కి ఫోన్ చేయండి.

రెండోది ఎయిర్‌బ్రిక్. బయట గోడకి నేల దగ్గర చిన్న చిన్న కన్నాలున్న ఇటుకలు కనిపిస్తాయి చూడండి, అవి చెక్క నేల కింద ఉన్న ఖాళీలోకి గాలి పోవడానికి పెట్టినవి. మొదటి ఏడాది నాకీ సంగతి తెలియక లోపల చలి అక్కడినుంచే వస్తోందని మూడింటికీ అట్టముక్కలు కుక్కేశాను. మరుసటి వేసవికి ముందు గదిలో ముక్కిపోయిన వాసన మొదలైంది. వడ్రంగి ఒక చెక్క పైకి లేపి చూస్తే కింద దూలం చేత్తో తడిమితే తడి తగిలేంతగా చెమ్మ పట్టి ఉంది. కుళ్ళు ఇంకా పట్టలేదు కాబట్టి అట్టలు తీసేస్తే నెమ్మదిగా ఆరింది. ఇంకో రెండేళ్ళు అలాగే ఉంటే నేల మొత్తం మార్చాల్సి వచ్చేది. చలి ఆపాల్సింది ఎయిర్‌బ్రిక్ దగ్గర కాదు, చెక్కల మధ్య సందుల దగ్గర.

కిటికీ ఫ్రేము పైన సన్నగా ఉండే ట్రికిల్ వెంట్లు, వంటింట్లో బాత్రూంలో ఉండే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, అటకలో చూరు దగ్గర గాలి పోయే ఖాళీ, వీటినీ అలాగే వదిలేయండి.

సందులు వెతకడం

గాలి బాగా వీస్తున్న చల్లని రోజు ఎంచుకోండి. సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో అయితే మంచిది, ఎందుకంటే చలి ముదిరాక తడి ఫ్రేముల మీద టేపు అంటుకోదు. కిటికీలూ బయటి తలుపులూ అన్నీ వేసేసి, వంటింటి ఫ్యాను, బాత్రూం ఫ్యాను రెండూ ఆన్ చేయండి. ఫ్యాన్లు లోపలి గాలిని బయటికి తోస్తుంటే ఆ లోటు తీరడానికి ప్రతి సందులోంచీ చలిగాలి లోపలికి వస్తుంది, దాంతో చిన్న సందు కూడా దొరికిపోతుంది. గ్యాస్ ఫైరో కట్టెల పొయ్యో వెలుగుతున్నప్పుడు మాత్రం ఈ పని చేయకండి, పొగ వెనక్కి గదిలోకి వస్తుంది.

ఇప్పుడు ఒక అగరుబత్తి వెలిగించి, తలుపు ఫ్రేము చుట్టూ, కిటికీ రెక్కలు కలిసే చోట, గోడకీ నేలకీ మధ్య ఉండే చెక్క పట్టీ (ఇక్కడ స్కర్టింగ్ అంటారు) వెంబడి నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్ళండి. పొగ నిటారుగా లేస్తే సరే, పక్కకి చెదిరితే అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. కర్టెన్లకి దూరంగా పట్టుకోండి. సింకు కింద పైపులు గోడలోకి వెళ్ళే చోటు, వాషింగ్ మెషిన్ వెనక, స్నానపు తొట్టి పక్క పలక వెనక, అటక మూత, మెట్ల కింద అల్మారా, ఇవి జనం మర్చిపోయే చోట్లు. మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద కన్నం సింకు కిందే ఉంది, ఎప్పుడో పాత పైపు తీసేసి పిడికిలి పట్టేంత బెజ్జం అలాగే వదిలేశారు, అందులోంచి పెరట్లో వెలుగు కనిపించింది.

కిటికీకి ఇంకో పరీక్ష కూడా ఉంది: ఒక కాగితం ముక్క మధ్యలో పెట్టి రెక్క మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ బిగుతు లేదన్నమాట.

సందు ఎంత మందమో కొలవడానికి చపాతీ పిండి పనికొస్తుంది. చిన్న ముద్దని క్లింగ్ ఫిల్మ్‌లో చుట్టి ఫ్రేముకీ రెక్కకీ మధ్య పెట్టి తలుపు పూర్తిగా మూయండి, తెరిచాక నొక్కుకుపోయిన పిండి మందం స్కేలుతో కొలవండి. పైన, మధ్యలో, కింద, మూడు చోట్లా చేయండి, పాత తలుపులు వంకరగా ఉంటాయి కాబట్టి ఒక్కోచోట ఒక్కో కొలత వస్తుంది. ఈ కొలత లేకుండా టేపు కొంటే, మందం ఎక్కువైతే తలుపు పడదు, తక్కువైతే గాలి ఆగదు.

పైనుంచి మొదలుపెట్టండి

వేడిగాలి పైకి పోతుంది. అటక మూత చుట్టూనో పొగగొట్టంలోంచో అది బయటికి జారుకుంటే, అంత గాలినీ ఇల్లు కింది సందుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి కాళ్ళకి తగిలే చలికి మూలం చాలాసార్లు నెత్తి మీద ఉంటుంది, వీధి తలుపు ఎంత బిగించినా పైన తెరిచి ఉంటే గాలి ఇంకో దారి వెతుక్కుంటుంది.

అటక మూత సులువైన పని. మూత ఆనుకునే అంచు తుడిచి చుట్టూ ఫోమ్ టేపు అంటించండి, మూత తేలికగా ఉండి పైకి లేస్తుంటే రెండు చిన్న గడియలు బిగించి టేపు నొక్కుకునేలా చేయండి. మూత వెనక వైపు వేడి పోకుండా ఆపే ఇన్సులేషన్ బోర్డు ముక్క కోసి అంటించండి. అటక నేల మీద ఇన్సులేషన్ ఎంత ఉందో కూడా ఆ చేత్తోనే చూసుకోండి, ఖనిజపు ఉన్ని (మినరల్ వూల్) అయితే 270 మిల్లీమీటర్లు ఉండాలని ఇక్కడ సాధారణంగా చెబుతారు. సీలింగ్‌లో దిగేసిన లైట్ల చుట్టూ మాత్రం ఏదీ కుక్కకండి, అవి వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, వాటికి విడిగా మంట తట్టుకునే మూతలు దొరుకుతాయి.

వాడని పొగగొట్టం ఉంటే అది రాత్రింబవళ్ళు తెరిచి ఉంచిన కిటికీతో సమానం. దానికి రెండు రకాల అడ్డాలు దొరుకుతాయి: గాలి ఊదే బెలూన్ ఒకటి, గొర్రె ఉన్నితో చేసిన మందపాటి బిళ్ళ ఇంకొకటి. నేను ఉన్నిదే పెట్టాను, బెలూన్‌లా గాలి దిగిపోయే గొడవ ఉండదు, ఉన్ని కొద్దిగా గాలిని పోనిస్తుంది కాబట్టి గొట్టంలో చెమ్మ నిలవదు. కొనేముందు గొట్టం మొదట్లో పొడవు వెడల్పు కొలవండి, టార్చి వేసి పైన ఏమైనా అడ్డం ఉందేమో చూడండి, మసి ఎక్కువగా ఉంటే ముందు శుభ్రం చేయించండి. పెట్టాక పొయ్యి దగ్గర కనిపించేలా ఒక చీటీ తగిలించండి: లోపల అడ్డం ఉంది, మంట వేయకూడదు అని. మీ తర్వాత ఆ ఇంట్లోకి వచ్చేవాళ్ళకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? గ్యాస్ ఫైర్ బిగించి ఉన్న పొగగొట్టంలో ఇది అసలు పెట్టకూడదు.

నేల

చెక్క నేల పలకల మధ్య సందులకి గట్టిగా ఎండిపోయే పుట్టీ వాడొద్దు. చెక్క వేసవికి ఉబ్బి చలికాలానికి ముడుచుకుంటుంది, ఏడాది తిరిగేసరికి పుట్టీ పగిలి పొడిపొడిగా లేచి వస్తుంది. సందులో నొక్కి దించే సాగే పట్టీలు చుట్టలుగా అమ్ముతారు, సన్న సందులకి అవి బాగుంటాయి. వెడల్పు సందులకి సన్నని చెక్క పేళ్ళు జిగురు పెట్టి దిగ్గొట్టాలి. స్కర్టింగ్ కింద సందుకి సాగే గుణం ఉన్న సీలెంట్ (సందుల్లో నింపే జిగురు ముద్ద) గన్‌తో గీత వేసి తడి వేలితో నున్నగా చేస్తే చాలు. మా ముందు గది మొత్తానికి రెండు ట్యూబులు, ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది. ఇల్లంతటిలో చేసిన పనుల్లో తేడా వెంటనే తెలిసింది ఇక్కడే, ఆ రాత్రే నేల మీద కూర్చుని అన్నం తిన్నాం.

వీధి తలుపు

ఇక్కడి మామూలు తలుపు రెక్క 1981 మిల్లీమీటర్ల ఎత్తు, 762 వెడల్పు ఉంటుంది. చుట్టూ 3 మిల్లీమీటర్ల సందు ఉంటే మొత్తం 164 చదరపు సెంటీమీటర్లు, అంటే తలుపు మధ్యలో దాదాపు 13 సెంటీమీటర్ల చదరపు కన్నం పెట్టుకున్నట్టు. చూడటానికి సన్న గీతే కాబట్టి పట్టించుకోం.

పక్కలకీ పైకీ రబ్బరు పట్టీ. ఇవి అడ్డకోత ఆకారాన్ని బట్టి ఇ, పి, డి అనే పేర్లతో వస్తాయి. సుమారుగా 1 నుంచి 3 మిల్లీమీటర్ల సందుకి ఇ, 3 నుంచి 5కి పి, అంతకంటే పెద్దదానికి డి, ఖచ్చితమైన కొలత ప్యాకెట్ మీద ఉంటుంది. చవకైన ఫోమ్ టేపు కూడా పనిచేస్తుంది కానీ తరచూ తెరిచి మూసే తలుపుకి ఏడాదిలోపే నలిగి అట్టలా అయిపోతుంది, వీధి తలుపుకి మాత్రం రబ్బరే కొనండి. అంటించేముందు ఫ్రేముని సబ్బు నీళ్ళతో కడిగి, ఆరాక స్పిరిట్‌తో తుడవండి. మన వంటల నూనె జిడ్డు వంటింటి తలుపు దాకా పట్టి ఉంటుంది, అది పోకపోతే పట్టీ వారంలో ఊడుతుంది. పట్టీని సాగదీయకుండా అంటించాలి, సాగదీస్తే తర్వాత ముడుచుకుపోయి మూలల్లో మళ్ళీ సందు పడుతుంది.

కిందకి కుచ్చు పట్టీ: అల్యూమినియం బద్దకి బ్రష్ వెంట్రుకలు ఉంటాయి. తలుపు మూసి, రెండు ఫ్రేముల మధ్య దూరం కొలిచి, బ్రష్‌ని ఒక కొసకి జరిపి, బద్దని యాక్సా బ్లేడుతో కోయండి. వెంట్రుకలు గడపని తాకీ తాకనట్టు ఉండేలా పెట్టి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుని, ముందు రెండు కొసల స్క్రూలు వదులుగా బిగించి నాలుగుసార్లు తెరిచి మూసి చూడండి. బాగా ఆడుతోంది అనుకున్నాకే మిగతావి బిగించండి.

ఉత్తరాల కంతకి లోపలి వైపు బ్రష్ ఉన్న ఫ్రేము దొరుకుతుంది, నాలుగు స్క్రూలే. బయటి పలక కొలత కాకుండా కంత కొలత చూసి కొనండి. తాళం బెజ్జానికి పక్కకి తిరిగే చిన్న మూత పెట్టండి.

లోపలి గదుల తలుపుల కింద ఏమీ బిగించక్కర్లేదు. పాత నేత చీరని పొడుగ్గా చుట్టి, రెండు కొసలూ కట్టి, తలుపు మొదట్లో పడేస్తే చాలు, హీటింగ్ వేయని గది నుంచి వచ్చే చలి ఆగిపోతుంది. మా అమ్మ వచ్చినప్పుడు కుట్టి ఇచ్చినవి మూడు ఇప్పటికీ వాడుతున్నాం.

కిటికీలు

తెల్ల ప్లాస్టిక్ ఫ్రేముల కిటికీ అయితే టేపు జోలికి వెళ్ళకముందు తాళం వైపు అంచు చూడండి. పుట్టగొడుగు ఆకారంలో చిన్న ఇనప పిన్నులు ఉంటాయి, చాలా రకాల్లో వాటిని అలెన్ కీతోనో స్పానర్‌తోనో కొద్దిగా తిప్పితే రెక్క ఫ్రేముకి ఇంకాస్త బిగుతుగా పడుతుంది. పైసా ఖర్చు లేదు, ఒక్కో కిటికీకి రెండు నిమిషాలు. మూసేటప్పుడు హ్యాండిల్ మరీ బిగుసుకుపోతే కొంచెం వెనక్కి తిప్పండి. రబ్బరు గాస్కెట్ ఎండి పగిలిపోయి ఉంటే ఒక చిన్న ముక్క కోసి దుకాణానికి తీసుకెళ్ళి అదే రకం తెచ్చుకోండి, ఫొటో చూసి కొంటే సరిపోదు.

పైకీ కిందికీ జరిగే పాత చెక్క కిటికీలకి ఫోమ్ పనికిరాదు, జరిపేటప్పుడు చిరిగిపోతుంది. వాటికి పక్కల కుచ్చు పట్టీ, రెండు రెక్కలు కలిసే చోట బిగించి లాగే గడియ ఉండాలి. ఈ పని నేను చేయలేదు, వడ్రంగితో చేయించాను, రెక్కలు ఊడదీయాలి కాబట్టి అదే మేలు. చలిగాలి ఆపే ఈ పట్టీల సామాను తెచ్చి బిగించే పని మొత్తానికి ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో 2022 ఏప్రిల్ నుంచి 2027 మార్చి ఆఖరు దాకా వ్యాట్ సున్నా, కొటేషన్ అడిగేటప్పుడు ఆ మాట ఎత్తండి. మనమే సామాను కొని బిగించుకుంటే ఈ మినహాయింపు ఉండదు.

ఒంటి అద్దం కిటికీలకి పలచని ఫిల్మ్ వస్తుంది, చుట్టూ డబుల్ టేపు వేసి, ఫిల్మ్ అంటించి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే ముడతలు పోయి బిర్రుగా అవుతుంది. ఆ చలికాలం మొత్తం ఆ కిటికీ తెరవడం కుదరదు కాబట్టి, అగ్నిప్రమాదం జరిగితే బయటపడటానికి పనికొచ్చే కిటికీకి వేయకండి.

పైపుల కన్నాలు

చిన్నవాటికి సీలెంట్, బొటనవేలి కంటే పెద్దవాటికి డబ్బాలో వచ్చే ఫోమ్. ఫోమ్ కొట్టేముందు కన్నం లోపల కొంచెం నీళ్ళు చిలకరించి సగానికే నింపండి, అది ఉబ్బుతుంది. చేతికి గ్లవ్స్ లేకపోతే చర్మానికి పట్టి రోజుల తరబడి వదలదు. బాయిలర్ గొట్టం గోడలోంచి బయటికి పోయే చోట మాత్రం మీరేమీ చేయకండి, గ్యాస్ ఇంజినీర్‌కి చెప్పండి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకి

ఊడదీస్తే మచ్చ పడని పనులు (చీర చుట్ట, పొగగొట్టం బిళ్ళ, ఫిల్మ్) సులువైనవే. స్క్రూలు, ఫోమ్ వాడాలంటే ఓనర్‌కో ఏజెంట్‌కో ఈమెయిల్ రాసి అనుమతి తీసుకోండి. అగరుబత్తి పొగ చెదురుతున్న వీడియో జత చేయండి, నోటి మాటకంటే అది బాగా పనిచేస్తుంది. పోయేటప్పుడు డిపాజిట్ గురించి టెన్షన్ ఉండకూడదంటే ముందూ వెనకా ఫొటోలు దాచుకోండి.

మూశాక చెమ్మ సంగతి

ఇదివరకు సందుల్లోంచి పోయిన ఆవిరి ఇప్పుడు ఇంట్లోనే ఉంటుంది. మన వంట ఇడ్లీ ఆవిరి, అన్నం ఉడుకు, సాంబారు మరుగు, పైగా బట్టలు రేడియేటర్ మీద ఆరేస్తాం. పొద్దున్న లేచేసరికి కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతుంటే జాగ్రత్త పడాలి, ఆ తర్వాత వచ్చేది మూలల్లో నల్ల బూజే, పిల్లలకి దగ్గు, ఆయాసం దాంతో రావచ్చు. చిన్న తేమ మీటరు పది పౌండ్లకే దొరుకుతుంది, 40 నుంచి 60 శాతం మధ్య ఉంచుకోండి. గిన్నెల మీద మూతలు పెట్టండి, పోపు వేసేముందే ఫ్యాన్ వేసి వంటయ్యాక పావుగంట ఆడనివ్వండి, బట్టలు ఒకే గదిలో తలుపేసి ఆరేసి అక్కడ కిటికీ కాస్త తీసి ఉంచండి. పొద్దున్నే పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు తెరిచి మూసేస్తే తడి గాలి పోతుంది, గోడలు చల్లారవు.

మీటరుతో సరిచూసుకోవడం

బిల్లు వచ్చేదాకా ఆగకండి, ధరలు మారుతుంటాయి కాబట్టి పౌండ్లలో పోలిస్తే తేడా తెలియదు. పని మొదలుపెట్టకముందు ఒక వారం రోజూ గ్యాస్ మీటరు రీడింగ్, బయటి సగటు ఉష్ణోగ్రత రాసుకోండి, పూర్తయ్యాక ఇంకో వారం అలాగే. బయట ఒకేలాంటి చలి ఉన్న రోజుల్ని పక్కపక్కన పెట్టి చూడండి, థర్మోస్టాట్ మాత్రం మార్చకండి. ఇల్లు వెచ్చగా ఉంది కదా అని ఒక డిగ్రీ పెంచితే లెక్క మొత్తం పోతుంది. ఆ లెక్క తేలాక మాత్రం తగ్గించి చూడండి: గాలి తగలకపోతే 21 దగ్గర ఒణికిన వాళ్ళం 19 దగ్గర మామూలుగా కూర్చోగలుగుతున్నాం, పట్టీలకంటే ఎక్కువ ఆదా ఆ రెండు డిగ్రీల్లోనే వచ్చింది.

ఇక్కడ అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కదా, నేను ఏటా ఆ రోజే అగరుబత్తి పట్టుకుని ఇల్లంతా ఒక చుట్టు తిరుగుతాను. నలిగిన ఫోమ్ పీకేసి కొత్తది వేస్తాను, కుచ్చు పట్టీలో ఇరుక్కున్న జుట్టూ దుమ్మూ దులుపుతాను, అలారం బటన్ నొక్కి చూస్తాను, ఎయిర్‌బ్రిక్‌ల ముందు రాలిన ఆకులు తీసేస్తాను.